ఉప్పునీటి ట్యాంకుకి హ్యాంగ్-ఆన్-బ్యాక్ ఫిల్టర్: బ్యాక్టీరియాని నిలబెట్టుకునే పద్ధతి

ఉప్పునీటి చేపలు పెంచేవాళ్ళ దగ్గర హ్యాంగ్-ఆన్-బ్యాక్ ఫిల్టర్ మాటెత్తితే రెండు రకాల జవాబులు వస్తాయి. "అది మంచినీటి ట్యాంకులకే, ఉప్పునీటిలో పెడితే నైట్రేట్ ఫ్యాక్టరీ" అనేది ఒకటి. "డబ్బా మీద రాసిన లీటర్ల లెక్క సరిపోతే చాలు, తగిలించేయండి" అనేది ఇంకొకటి. రెండింటిలోనూ సగమే నిజం. ట్యాంకు వెనక గాజుకి వేలాడే ఆ ప్లాస్టిక్ పెట్టెకి సొంతంగా ఏ గుణమూ లేదు. అందులో ఏం పెడతాం, దేన్ని ఎప్పుడు కడుగుతాం, దేని జోలికి పోకుండా ఉంటాం అన్నదే అసలు సంగతి. ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: మురికి పట్టే చోటు వేరు, బ్యాక్టీరియా బతికే చోటు వేరు. ఈ రెండూ ఒకే స్పాంజ్‌లో కలిసిపోయినప్పుడే గొడవంతా మొదలవుతుంది.

పేరు పొడుగు కాబట్టి ఇక నుంచి హెచ్‌ఓబీ అంటాను.

లోపల జరిగే పని

చేప తన ఒంట్లోని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియా రూపంలో వదులుతుంది. తినగా మిగిలిన మేత, చేప పెంట కుళ్ళినా వచ్చేది అమ్మోనియానే. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారిస్తే, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అందరూ అనుకున్నారు. అక్వేరియం ఫిల్టర్లలో ఆ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తోందని 1990లలో టిమొతీ హోవానెక్ బృందం చేసిన పరిశోధనలో తేలింది. పేరు ఏదైనా మనకి కావలసిన విషయం ఒకటుంది. ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి. మామూలు కుళ్ళబెట్టే బ్యాక్టీరియా గంటలోపే రెట్టింపు కాగలవు, వీటికి దాదాపు ఒక రోజు పడుతుంది. అందుకే వీటిని ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ కూడగట్టుకోవడానికి వారాలు పడుతుంది.

ఇవి నీళ్ళలో తేలుతూ తిరగవు, ఏదో ఒక ఉపరితలానికి పల్చని జిగురు పొరలా అంటుకుని ఉంటాయి. గాజు, ఇసుక, రాళ్ళు, పైపులు అన్నిటి మీదా ఉంటాయి. ఫిల్టర్ ప్రత్యేకత ఏంటంటే, అక్కడ ఉపరితలం ఎక్కువ, పైగా ఆక్సిజన్ ఉన్న నీరు ఆగకుండా వాటి మీదుగా పారుతూ ఉంటుంది.

మంచినీటి అనుభవంతో ఉప్పునీటిలోకి వచ్చేవాళ్ళు మూడు తేడాలు గుర్తుంచుకోవాలి. మొదటిది పీహెచ్. ఉప్పునీటి ట్యాంకు పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. ఆ స్థాయిలో అమ్మోనియాలో విషపూరితమైన భాగం, పీహెచ్ 7 ఉన్న మంచినీటితో పోలిస్తే పది రెట్లకు పైనే ఉంటుంది. మంచినీటి ట్యాంకులో చేప తట్టుకునే రీడింగే ఇక్కడ దాని మొప్పల్ని కాల్చేస్తుంది. రెండోది ఆక్సిజన్. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీరు లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు ఉప్పదనం ఉన్న నీరు 6.8 దగ్గరే ఆగిపోతుంది. ఈ బ్యాక్టీరియాకి ఆక్సిజన్ ఆకలి ఎక్కువ, చేపలకీ అదే ఆక్సిజన్ కావాలి. మూడోది మనకి కలిసొచ్చేది. ఉప్పునీటిలో క్లోరైడ్ దండిగా ఉంటుంది కాబట్టి నైట్రైట్ అంత తేలిగ్గా చేప రక్తంలోకి పోలేదు. మంచినీటిలో నైట్రైట్‌కి పడినంత టెన్షన్ ఇక్కడ అక్కర్లేదు.

1. ముందు దాని ఉద్యోగం ఏంటో తేల్చుకోండి

ట్యాంకు నిండా మంచి లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవాలు పట్టిన రంధ్రాల సముద్రపు రాయి) ఉంటే బయలాజికల్ ఫిల్ట్రేషన్, అంటే బ్యాక్టీరియాతో జరిగే శుద్ధి‌లో పెద్ద వాటా ఆ రాళ్ళదే. రాయి పైపొరలో అమ్మోనియా మారుతుంది. ఆక్సిజన్ అందని లోపలి రంధ్రాల్లో ఇంకో రకం బ్యాక్టీరియా నైట్రేట్‌ని విడగొట్టి నైట్రోజన్ వాయువుగా వదిలేస్తుంది. హెచ్‌ఓబీ ఈ చివరి పని దాదాపు చేయలేదు, ఎందుకంటే దానిలో నీరు ఎప్పుడూ ఆక్సిజన్‌తోనే పారుతుంది. కాబట్టి రాళ్ళున్న ట్యాంకులో హెచ్‌ఓబీ తోడు పనివాడు మాత్రమే: కొంత బయో మీడియా (బ్యాక్టీరియా అంటుకుని బతికే రింగులు, రాళ్ళ లాంటివి), కొంత కార్బన్ (నీటిని శుద్ధిచేసే బొగ్గు), తేలే చెత్త పట్టడానికి కాస్త ఫ్లాస్ (దూదిలాంటి సన్న పీచు).

రాళ్ళు తక్కువగా ఉండి చేపలు మాత్రమే ఉన్న ట్యాంకులో దాని బాధ్యత పెరుగుతుంది. కొత్త చేపని విడిగా ఉంచే, రాయీ ఇసుకా ఏమీ లేని క్వారంటైన్ ట్యాంకులో మొత్తం భారం దానిదే. నన్నడిగితే ఉప్పునీటిలో హెచ్‌ఓబీకి అన్నిటికన్నా తగిన చోటు ఈ క్వారంటైన్ ట్యాంకే. దాని గురించి తర్వాత విడిగా చెబుతాను.

పెద్ద చేపలు, గట్టిగా తినేవి (ట్రిగర్, లయన్‌ఫిష్ లాంటివి) పెంచుతుంటే హెచ్‌ఓబీ ఒక్కటే సరిపోదు. అక్కడ ప్రొటీన్ స్కిమ్మర్ తప్పనిసరి. స్కిమ్మర్ చేప వ్యర్థాన్ని కుళ్ళకముందే బయటికి తీసేస్తుంది. హెచ్‌ఓబీ కుళ్ళాక వచ్చిన అమ్మోనియాని మారుస్తుంది. ఒకటి ఉంది కదా అని రెండోది మానేయడానికి లేదు.

2. ఫిల్టర్ ఎంచుకునేటప్పుడు

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది గంటకి ఎన్ని లీటర్లు అన్న అంకె. అది సాధారణంగా లోపల మీడియా ఏమీ లేకుండా కొలిచింది. స్పాంజ్, రింగులు నింపాక ప్రవాహం తగ్గుతుంది, స్పాంజ్ మురికి పట్టాక ఇంకా తగ్గుతుంది. 100 లీటర్ల ట్యాంకుకి గంటకి 500 నుంచి 800 లీటర్ల అంకె ఉన్నది చూసుకుంటే సరిపోతుంది. మొత్తం నీటి కదలిక ఇంతకన్నా ఎక్కువే ఉండాలి గానీ ఆ పని పవర్‌హెడ్‌తో (ట్యాంకులో మునిగి నీటిని కదిలించే చిన్న పంపు) చేయించండి. ప్రవాహం కోసమని పెద్ద ఫిల్టర్ కొనడం దండగ.

బయలాజికల్ పని కోసమైతే ప్రవాహం కన్నా ముందు చూడాల్సింది పెట్టెలో ఖాళీ ఎంత ఉందనేది. మార్కెట్లో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. పల్చని కార్ట్రిడ్జ్ జారవిడిచేవి ఒక రకం. లోతైన బుట్ట ఉండి మనకి నచ్చిన మీడియా నింపుకునేవి రెండో రకం. ఆక్వాక్లియర్, సీకెమ్ టైడల్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఉప్పునీటికి రెండో రకమే తీసుకోండి. కార్ట్రిడ్జ్ రకంలో స్పాంజ్, కార్బన్, బ్యాక్టీరియా అన్నీ ఒకే పలకలో ఉంటాయి. నెలకోసారి దాన్ని పారేసి కొత్తది వేయమని తయారీదారే చెబుతాడు. పారేసిన ప్రతిసారీ నెలంతా పెరిగిన బ్యాక్టీరియా కూడా దాంతోపాటే పోతుంది. ఇది ట్యాంకుకి కాదు, కార్ట్రిడ్జ్‌లు అమ్మేవాళ్ళకి లాభం. ఇప్పటికే అలాంటిదే మీ దగ్గరుంటే పారేయక్కర్లేదు. కార్ట్రిడ్జ్ తీసేసి, ఆ ఖాళీలో సరిపడా స్పాంజ్ ముక్క కోసి పెట్టి, దాని వెనక సన్న వల సంచిలో సిరామిక్ రింగులు దూర్చండి. పని నడుస్తుంది.

ఇంకో రెండు విషయాలు చూడండి. ఇంపెల్లర్ (మోటారు తిప్పే రెక్కల చక్రం) ఇరుసు సిరామిక్‌దై ఉండాలి, నీటికి తగిలే చోట ఎక్కడా లోహం బయటపడి ఉండకూడదు. మంచినీటిలో ఏళ్ళు పనిచేసే లోహం ఉప్పునీటిలో నెలల్లో తుప్పు పట్టొచ్చు, ఆ లోహం రొయ్యలకీ పగడాలకీ విషం. మోటారు నీటిలో మునిగి ఉండే మోడల్ అయితే కరెంటు పోయి వచ్చాక తనంతట తానే నడుస్తుంది. మోటారు పై పెట్టెలో ఉండే మోడళ్ళు ఒక్కోసారి గాలి పట్టేసి నీటిని ఎత్తలేవు.

3. మీడియా నింపడం

లోతైన బుట్ట ఉండే రకాల్లో చాలావాటికి నీరు అడుగు నుంచి పైకి ఎక్కి, అంచు మీదుగా ట్యాంకులోకి జారుతుంది. కాబట్టి మొదట నీరు తగిలే చోటు అడుగే. అక్కడ ముతక స్పాంజ్ పెట్టండి. దాని పైన బయో మీడియా. కార్బన్ వాడాలనుకుంటే అన్నిటికన్నా పైన, విడి సంచిలో. మీ ఫిల్టర్‌లో నీరు ఎటు నుంచి ఎటు పారుతుందో ముందు ఖాళీ పెట్టెతో నడిపి చూసి, ఈ వరస దానికి తగ్గట్టు మార్చుకోండి.

తీయడానికి వీలుగా ఉంటుందని చాలామంది ఫ్లాస్‌ని పైన వేస్తారు. వీలు నిజమే గానీ అప్పుడు మురికంతా కిందున్న రింగుల సందుల్లోనే కూరుకుపోతుంది, ఫ్లాస్ దాకా వచ్చేది మిగిలిన నలుసులే. నైట్రేట్ ఫ్యాక్టరీ అన్న చెడ్డపేరు ఇలాంటి అమరిక వల్లే వచ్చింది. రింగుల మధ్య కూరుకున్న మేత, పెంట అక్కడే కుళ్ళి అమ్మోనియా ఇస్తాయి, అది అక్కడే నైట్రేట్ అవుతుంది. బ్యాక్టీరియా తన పని తాను చేస్తోంది. తప్పల్లా మురికిని అక్కడ నిల్వ ఉంచడంలోనే ఉంది.

ఇక ఏ మీడియా? సిరామిక్ రింగులు, సీకెమ్ మ్యాట్రిక్స్ లాంటి ప్యూమిస్ రాయి, సింటర్డ్ గ్లాస్ గుళికలు, లైవ్ రాక్ చిన్న ముక్కలు, మామూలు స్పాంజ్ కూడా, అన్నీ పనికొస్తాయి. ప్యాకెట్ల మీద లీటరు మీడియాకి ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలం అని గొప్పగా రాస్తారు. అందులో చాలా భాగం నీరు చొరబడలేని సన్న రంధ్రాల్లోనే ఉంటుంది. నైట్రిఫికేషన్ (అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే పని) జరిగేది నీరు, ఆక్సిజన్ నిజంగా చేరే పైభాగంలోనే. పైగా ఊళ్ళో ఖాళీ ఇళ్ళు ఎన్ని ఉన్నా పని దొరికినంత మందే నిలుస్తారు కదా, ఇక్కడా అంతే. ట్యాంకులో ఎంత అమ్మోనియా పుడుతోందో అంత బ్యాక్టీరియానే బతుకుతుంది, మీడియా రెట్టింపు చేసినంత మాత్రాన అది రెట్టింపు కాదు. కాబట్టి ఖరీదైన మీడియా కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. బుట్టని బిగించి కుక్కకండి కూడా. రింగుల మధ్య నీరు వదులుగా పారాలి. కుక్కితే నీరు మీడియాలోంచి పోకుండా పక్క సందుల్లోంచి తప్పించుకుంటుంది, ఒక్కోసారి పెట్టె పొంగి వెనక గోడ మీదుగా నేల మీదికి కారుతుంది.

అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఇచ్చేది ఒకటుంది. నీరు పీల్చే గొట్టం చివరి జాలికి తొడిగే ముతక స్పాంజ్. పెద్ద చెత్త పెట్టెలోకి పోకముందే దీనికి అంటుకుంటుంది. చిన్న చేపలు, నత్తలు గొట్టంలోకి పోకుండా ఆపుతుంది. తీసి పిండి మళ్ళీ తొడగడానికి రెండు నిమిషాలు చాలు. ఇది పెట్టాక లోపలి బుట్ట జోలికి వెళ్ళాల్సిన పని సగానికి సగం తగ్గుతుంది.

4. తగిలించడం

పెట్టెని గాజు అంచుకి తగిలించి, అడుగున ఉండే సర్దుబాటు మర తిప్పి నిటారుగా నిలిచేలా చూడండి. పెట్టె వెనక్కి వాలితే నీరు ట్యాంకులోకి కాకుండా వెనక్కి పొంగే ప్రమాదం ఉంది. పీల్చే గొట్టం రాళ్ళ వెనక నీరు కదలని మూలకి చేరువలో ఉంటే అక్కడి చెత్త కూడా కదులుతుంది. కిందికి అందకపోతే అదనపు గొట్టం ముక్క తగిలించండి. ఇసుకకి మాత్రం కనీసం నాలుగైదు వేళ్ళ ఎత్తులో ఉంచండి, లేకపోతే ఇసుక రేణువులు ఇంపెల్లర్‌ని అరగదీస్తాయి.

నీరు జారే పెదవికి, ట్యాంకు నీటిమట్టానికి మధ్య ఎత్తు తేడా వీలైనంత తక్కువ ఉండాలి. ఒక వేలు మందం దాటితే నీరు జలపాతంలా పడుతుంది. మంచినీటిలో అది చూడముచ్చటే. ఉప్పునీటిలో మాత్రం సన్న బుడగలు, ఉప్పు తుంపర్లు లేచి మూత మీద, లైటు మీద, గోడ మీద తెల్లగా పేరుకుంటాయి. రాత్రిపూట ఆ చప్పుడు ఒకటి. నీటిమట్టం నిలకడగా ఉండాలంటే ఆవిరైన నీటిని రోజూ నింపాలి. నింపేది ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్ళే. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్ళు పోస్తే ఉప్పదనం పెరుగుతూ పోతుంది. గాజు మీద చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకుంటే ఎంత తగ్గిందో చూడగానే తెలుస్తుంది.

కరెంటు వైరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఉప్పునీరు వైరు వెంట పాకుతూ ఎండిపోతూ ఉప్పు గీతలా ప్లగ్గు దాకా వెళ్ళగలదు. వైరు సాకెట్ మట్టానికన్నా కిందికి వంగి మళ్ళీ పైకి లేచేలా వదలండి. అప్పుడు చుక్కలు ఆ వంపు దగ్గరే నేలకి రాలిపోతాయి. ఆ లైనుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో ట్యాంకులో చెయ్యి పెట్టకముందే తెలుసుకోండి.

5. సైకిల్ చేయడం

ఫిల్టర్ తగిలించిన రోజున అందులో బ్యాక్టీరియా లేదు. చేపల్ని వేయకముందే దాన్ని పెంచాలి, దీన్నే సైకిల్ చేయడం అంటారు.

ఉప్పు కలిపిన నీరు 1.025 స్పెసిఫిక్ గ్రావిటీ (ఉప్పదనం కొలిచే లెక్క), 25–26 డిగ్రీల వేడి దగ్గర నిలిచాక ఫిల్టర్‌ని, పవర్‌హెడ్‌ని నడపండి. అమ్మోనియం క్లోరైడ్‌తో అమ్మోనియాని 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దాకా తీసుకురండి. స్వచ్ఛమైన పొడి అయితే 100 లీటర్లకి సుమారు 0.6 గ్రాములు సరిపోతుంది. ముందు గ్లాసు నీళ్ళలో కరిగించి పోసి, గంట తర్వాత టెస్ట్ చేసి తక్కువైతే కాస్త కలపండి. 4–5 పీపీఎం దాటించకండి. ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందనుకోవద్దు, మితిమీరిన అమ్మోనియా ఈ బ్యాక్టీరియానే అణిచేస్తుంది. జీవాలతో నిండిన తాజా లైవ్ రాక్ పెట్టి ఉంటే అమ్మోనియా కలపనే వద్దు. రాయి మీద చనిపోయే జీవాల నుంచే కావలసినంత వస్తుంది, బతికున్నవాటిని మనం చంపుకోవడం ఎందుకు?

బ్యాక్టీరియా ఎక్కడి నుంచి తేవాలి? అన్నిటికన్నా మంచిది ఆరోగ్యంగా నడుస్తున్న ఉప్పునీటి ట్యాంకులో కొన్ని వారాలు ఉన్న స్పాంజ్ లేదా రింగులు. నమ్మకమైన స్నేహితుడి ట్యాంకు నుంచి తెచ్చుకుంటే బ్యాక్టీరియాతో పాటు పరాన్నజీవులూ రావచ్చని గుర్తుంచుకుని, ఈమధ్య అక్కడ రోగమేదీ రాలేదని అడిగి తెలుసుకోండి. మంచినీటి ట్యాంకు స్పాంజ్ తెచ్చి పెట్టినా ఉపయోగం ఉండదు. ఉప్పదనంలో అంత తేడాని అక్కడి బ్యాక్టీరియా ఒక్కసారిగా తట్టుకోలేదు. సీసాల్లో దొరికే బ్యాక్టీరియా కొనేటప్పుడు అది ఉప్పునీటి రకమేనా, గడువు తేదీ ఎప్పుడు అన్నది చూడండి. పోసేటప్పుడు కాస్త నేరుగా మీడియా మీదే పోయండి. మొదటి కొన్ని రోజులు యూవీ లైటు, స్కిమ్మర్ ఆపి ఉంచండి.

తర్వాత రెండు రోజులకోసారి టెస్ట్. ముందు అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. అమ్మోనియా 0.5 లోపుకి వచ్చినప్పుడల్లా మళ్ళీ 2కి తెండి. కొన్నాళ్ళకి నైట్రైట్ కూడా దిగడం మొదలవుతుంది. 2 పీపీఎం అమ్మోనియా వేస్తే 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాయంటే ఫిల్టర్ సిద్ధం. సీసా బ్యాక్టీరియా బాగా పనిచేస్తే రెండు వారాల్లో కావచ్చు, ఏమీ లేకుండా మొదలుపెడితే మూడు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు.

టెస్ట్ కిట్లతో రెండు తిరకాసులు ఉన్నాయి. కొన్ని అమ్మోనియా కిట్లు ఉప్పునీటిలో సున్నా దగ్గర కూడా లేత ఆకుపచ్చ రంగు చూపిస్తాయి. అప్పుడే కలిపిన కొత్త ఉప్పునీళ్ళని కూడా అదే కిట్‌తో టెస్ట్ చేసి, రెండు గొట్టాలూ తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూడండి. రంగు ఒకటే అయితే అది మీ సున్నా. ఇక నైట్రైట్ ఎక్కువగా ఉన్నన్నాళ్ళు నైట్రేట్ కిట్ తప్పుడు లెక్క చూపిస్తుంది, ఆ రోజుల్లో నైట్రేట్ కొలవడం వృథా.

ప్రతి 2 పీపీఎం అమ్మోనియా చివరికి 7 పీపీఎం పైచిలుకు నైట్రేట్‌గా తేలుతుంది. ఈ ప్రక్రియ నీటిలోని ఆల్కలినిటీని (పీహెచ్ పడిపోకుండా నిలబెట్టే గుణాన్ని, దీన్ని డీకేహెచ్‌లో కొలుస్తారు) కూడా తింటుంది, 2 పీపీఎంకి దాదాపు 0.6–0.7 డీకేహెచ్. నాలుగైదు సార్లు వేసేసరికి రెండు లెక్కలూ కనబడేంత మారతాయి. సైకిల్ మధ్యలో అకస్మాత్తుగా ఆగిపోయినట్టు అనిపిస్తే ఆల్కలినిటీ కొలిచి చూడండి. 7 కన్నా తక్కువకి పడిపోయి ఉంటే కాస్త నీళ్ళు మారిస్తే మళ్ళీ కదులుతుంది. మొత్తం అయ్యాక సగం నీళ్ళు మార్చి, ఒకటి రెండు రోజుల్లోనే చేపని వేయండి. ఆలస్యమయ్యేట్టుంటే కొద్దికొద్దిగా అమ్మోనియా ఇస్తూ ఉండండి, లేకపోతే పెంచుకున్న బ్యాక్టీరియా తిండిలేక తగ్గిపోతుంది.

మొదట ఒకటో రెండో చిన్న చేపలు, క్లౌన్‌ఫిష్ జత లాంటివి. తర్వాతి చేపకి కనీసం రెండు వారాలు ఆగండి.

6. కడగడం

మురికి పట్టే భాగాలు: గొట్టం మీది స్పాంజ్ వారానికి రెండుసార్లు, బుట్ట అడుగు స్పాంజ్ వారానికి ఒకసారి. ఫ్లాస్ వాడుతుంటే రెండు మూడు రోజులకి పారేసి కొత్తది వేయండి. వీటి విషయంలో మొహమాటం వద్దు. స్పాంజ్ బాగా పిండండి. దాని మీది బ్యాక్టీరియా కొంత పోయినా అసలు బలగం రింగుల మీద, రాళ్ళ మీద ఉంది.

బయో మీడియా: వీలైనంత తక్కువ. రెండు మూడు నెలలకోసారి బుట్ట ఎత్తి చూడండి. ఒక రింగు వేళ్ళ మధ్య రుద్దితే కాస్త జారుడుగా, లేత గోధుమరంగుతో తగులుతుంది. అది ఉండాల్సిందే, తోమకండి. రింగు మీద మెత్తని మట్టిలాంటి పొర పేరుకుని నీళ్ళలో ఆడించగానే పొగలా లేస్తే అది మురికి. నీళ్ళు మార్చేటప్పుడు బకెట్‌లోకి తీసిన ట్యాంకు నీళ్ళలోనే బుట్టని రెండుసార్లు ముంచి ఎత్తితే చాలు. కుళాయి నీళ్ళు వద్దు. వాటిలో క్లోరిన్ ఉంటుంది, ఉప్పదనం ఉండదు, రెండూ బ్యాక్టీరియాకి దెబ్బే. పెట్టె అడుగున చేరిన గోధుమరంగు బురదని ఎయిర్ పంప్ గొట్టం ముక్కతో సైఫన్ చేసి లాగేయండి. చాలామంది చూడని చోటు ఇదే, ఎక్కువ మురికి ఉండేదీ ఇక్కడే.

స్పాంజ్, రింగులు రెండూ ఒకే రోజు కడగకండి. మీడియా పాడైపోయి మార్చాల్సి వస్తే ఒకేసారి సగానికి మించి మార్చకండి, మిగతా సగానికి నెల ఆగండి.

రెండు మూడు నెలలకి ఇంపెల్లర్ కూడా తీసి చూడాలి. ఉప్పునీటిలో దాని చుట్టూ, అది తిరిగే గుంతలో తెల్లని గట్టి పెంకు కడుతుంది. మొదట గరగరమని చప్పుడు, తర్వాత ప్రవాహం తగ్గడం, చివరికి మోటారు ఆగిపోవడం, ఇదీ వరస. తెల్ల వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి అరగంట నానబెడితే పెంకు బుడగలు వదులుతూ మెత్తబడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్ళతో బాగా కడిగి పెట్టండి. ఇరుసు చివరల్లోని చిన్న రబ్బరు బిళ్ళలు సింకులో జారిపోకుండా చూసుకోండి.

కరెంటు పోతే

పంపు ఆగగానే పెట్టెలో నీరు నిలిచిపోతుంది. లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ని త్వరగానే వాడేస్తుంది. గంటల తరబడి అలాగే ఉంటే మీడియా చావడం మొదలై, కుళ్ళిన గుడ్డు వాసన కూడా రావచ్చు. ఆ తర్వాత కరెంటు రాగానే ఆ నీరంతా ట్యాంకులోకి పోతుంది. అరగంట, గంట పోతే కంగారు అక్కర్లేదు. రెండు గంటలు దాటేలా ఉంటే మీడియాని వల సంచితో సహా తీసి ట్యాంకు నీటిలోనే, బ్యాటరీ ఎయిర్ పంప్ బుడగల పక్కన వేలాడదీయండి. కరెంటు వచ్చాక పెట్టెలోని నీటిని పారబోసి, మీడియా తిరిగి పెట్టి, మగ్గుతో ట్యాంకు నీళ్ళు పెట్టె నిండా పోశాకే స్విచ్ వేయండి. మోటారు పైన ఉండే మోడళ్ళు నీరు లేకుండా తిరిగితే వేడెక్కి పాడవుతాయి. ఇంట్లో లేనప్పుడు కరెంటు తరచూ పోయే చోటైతే మునిగే మోటారు మోడల్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు.

క్వారంటైన్ ట్యాంకు కోసం

కొత్త చేపని నేరుగా ప్రధాన ట్యాంకులో వేయకుండా కొన్ని వారాలు విడిగా ఉంచడం ఉప్పునీటిలో చాలా అవసరం. మెరైన్ ఇచ్, వెల్వెట్ లాంటి పరాన్నజీవుల రోగాలు ఒకసారి ప్రధాన ట్యాంకులో చేరితే వాటిని వదిలించడం నరకం. ఆ విడి ట్యాంకు ఎప్పుడు కావలసి వస్తుందో తెలియదు. దానికోసం ఏడాదంతా ఇంకో ట్యాంకు నడపనూ లేం. అందుకని ప్రధాన ట్యాంకు హెచ్‌ఓబీలో అదనంగా ఒక స్పాంజ్ ముక్క ఎప్పుడూ ఉంచండి. నెల పైగా నానాక అది సిద్ధమైనట్టే. అవసరం వచ్చిన రోజున ఆ ముక్కని చిన్న హెచ్‌ఓబీలో పెట్టి, అదే ఉప్పదనం ఉన్న నీటితో విడి ట్యాంకు నింపితే మొదటి రోజు నుంచే ఫిల్టర్ పనిచేస్తుంది. అయినా అమ్మోనియా రోజూ కొలవండి, ఒక స్పాంజ్ ముక్క మోసేది ఒకటి రెండు చిన్న చేపల బరువే.

మందు వేసేటప్పుడు కార్బన్ తీసేయాలి, లేకపోతే మందుని అదే పీల్చేస్తుంది. కాపర్ (పరాన్నజీవుల్ని చంపే రాగి మందు) వైద్యం చేస్తుంటే లైవ్ రాక్ ముక్కలు, పగడపు ఇసుక మీడియాగా వాడకండి. కాల్షియం కార్బొనేట్ కాపర్‌ని పీల్చుకుని డోసుని తారుమారు చేస్తుంది. స్పాంజ్, సిరామిక్ అయితే ఆ గొడవ తక్కువ. యాంటీబయాటిక్స్‌లో కొన్ని ఫిల్టర్ బ్యాక్టీరియానీ దెబ్బతీస్తాయి, ఆ రోజుల్లో నీళ్ళు ఎక్కువ మార్చడానికి సిద్ధంగా ఉండండి. వైద్యం అయిపోయాక ఆ స్పాంజ్ ప్రధాన ట్యాంకులోకి తిరిగి రాకూడదు. కాపర్ ఉన్నా, రోగం ఉన్నా అది అటే ఆగిపోవాలి. పెట్టెని కడిగి పూర్తిగా ఎండబెట్టి దాచుకోండి.

బయో మీడియా తీసేయాలనుకుంటే

రాళ్ళు బాగా కుదురుకుని, ట్యాంకు ఏడాది దాటాక చాలామంది హెచ్‌ఓబీలో రింగులు తీసేసి ఆ చోటు కార్బన్‌కో, ఫాస్ఫేట్ పట్టే జీఎఫ్‌ఓకో, చిన్న లైటు పెట్టి కీటోమార్ఫా నాచుకో ఇస్తారు. నాచు నైట్రేట్‌ని నేరుగా తిని పెరుగుతుంది, పెరిగినంత కత్తిరించి పారేస్తే నైట్రేట్ కూడా బయటికి పోయినట్టే. మంచి ఆలోచనే, కానీ ఒక్కరోజులో చేయకండి. వారానికి నాలుగో వంతు చొప్పున రింగులు తీయండి. తీసిన మర్నాడు, మూడో రోజు అమ్మోనియా చూడండి. సున్నా కాకుండా ఏ కాస్త కనిపించినా తీసినవి వెనక్కి పెట్టండి. అందుకే తీసిన రింగుల్ని వెంటనే పారేయకుండా ఆ నాలుగు వారాలూ ట్యాంకులోనే ఒక మూల, నీరు పారే చోట సంచిలో ఉంచాలి. నాలుగు వారాలూ సున్నా నిలిస్తే ఆ సంచి కూడా బయటికి తీయొచ్చు, అదీ కొద్దికొద్దిగానే. సంచిలోని రింగులూ కొంత పని చేస్తూనే ఉంటాయి కాబట్టి, అవి పూర్తిగా పోయాక కూడా సున్నా నిలిస్తేనే మీ రాళ్ళు భారమంతా మోస్తున్నట్టు.